సేవాయాత్రలో కడపటి దినము

పరోపకారబుద్ధి నిందింపదగినది కాదు. తమ సెలవుదినములను విలాసములకు వినియోగింపక, స్వంత సొమ్ము వెచ్చించి, సముద్రములు దాటి, ముక్కుమొగ మెఱుగని బిడ్డలకు అన్నము పెట్టి, పాటలు నేర్పి వచ్చువారిని హేళన చేయుట పెద్దమనుష్యుల లక్షణము కాదు. 2005వ సంవత్సరమున ఒక్క అమెరికా చర్చి సంఘములనుండియే 16 లక్షలమంది ఇట్టి స్వల్పకాలిక సేవాయాత్రలకై విదేశములకు బోయివచ్చిరని రాబర్టు వుత్నో అను సామాజిక శాస్త్రజ్ఞుడు అంచనా వేసెను. వారి ఉద్దేశమును మేము శంకింపము. అయినను ఉద్దేశము వేఱు, ఫలము వేఱు. ఫలము నెఱుగగోరువారు అట్టి యాత్రయొక్క తొలిదినమును గాక కడపటి దినమును పరిశీలింపవలెను.

ఆ దినమున జరుగు తంతు ఏ దేశమునందైనను ఇంచుమించుగా నొక్కటియే. శరణాలయపు ముంగిట బాలబాలికలు తాము నేర్చిన పాటలు పాడుదురు. యాత్రికులు తెచ్చిన బట్టలు, బొమ్మలు, మిఠాయిలు పంచిపెట్టుదురు. ఛాయాపటములు తీయుదురు. చిన్నవాండ్రు మెడలు కౌగిలించుకొని విడువరు. పెద్దలును కంట తడిపెట్టి, మరల వత్తుమని మాట యిచ్చి బండి యెక్కుదురు. ఆ కన్నీరు నిజమైనదే. యాత్రికుడు స్వగ్రామము చేరి, ఆ యనుభవము తన జీవితమునే మార్చినదని సంఘమునందు సాక్ష్యము చెప్పును. అదియు నిజమే కావచ్చును. కాని బండి మఱుగైన పిమ్మట ఆ బిడ్డ గతి యేమి? కొలది దినములలో మఱియొక బృందము వచ్చును. మరల పాటలు, మరల కౌగిలింతలు, మరల వీడుకోలు. యాత్రికునకు జీవితమున నొక్కసారి కలిగిన వియోగము బిడ్డకు ఏటికి పెక్కుసారులు కలుగుచున్నది.

ఇది కేవలము భావుకుల వేదన కాదు. బిడ్డ పెరుగుటకు అన్నవస్త్రములతోపాటు ఎడతెగని యొక మాతృప్రేమ గాని, దానికి బదులైన స్థిరమైన ఆదరణ గాని కావలెనని జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు సమర్పించిన నివేదికలో విశదపఱచెను. రుమేనియా రాజధాని బుకారెస్టులో 2000వ సంవత్సరమున ఆరంభమైన పరిశోధన దానిని దృఢపఱచినది. అచ్చటి శిశుసదనములలోని 136 మంది పసివాండ్రలో సగముమందిని పెంపుడు కుటుంబముల కప్పగించిరి. సదనముల పాలబడిన వారికంటె కుటుంబములు చేరినవారు బుద్ధిలోను, అనురాగబంధములోను మెఱుగైరి. సదనములలో పెరిగిన బిడ్డలు కొందఱు క్రొత్తవారిని చూచినంతనే జంకక పరుగెత్తిపోయి చేతులు పట్టుకొందురని గూడ ఆ పరిశోధకులు గమనించిరి. ఆ పరుగును చూచి యాత్రికుడు, తన్నెంత ప్రేమించినారని మురియును. వైద్యుడు దానిని గాయపు గుర్తుగా నెంచును.

ఇంతకు వీరందఱు అనాథలేనా? హైటీ దేశమున శరణాలయములందున్న బాలబాలికలు సుమారు 30,000 మందియనియు, వారిలో నూటికి 80 మందికి తల్లియో తండ్రియో సజీవులై యున్నారనియు లూమోస్ అను సంస్థ వెల్లడించినది. ఆ సదనములకు ఏటేట విదేశీ దాతలనుండి, ముఖ్యముగా అమెరికా క్రైస్తవ సంఘములనుండి, కనీసము 7 కోట్ల డాలర్లు చేరుచున్నవని 2017లో ఆ సంస్థయే ప్రకటించినది. తల్లిదండ్రులు బిడ్డలను ద్వేషించి విడిచిరా? లేదు. బడి జీతము కట్టలేక, మందు కొనలేక, పూటకూటికి లేక విడిచిరి. తల్లి యింట లేని బడియు, భోజనమును ధర్మాత్ముల సొమ్ముచే శరణాలయమున దొరకుచుండ, ఏ పేదతల్లి మాత్రము బిడ్డను పంపదు?

2010 జనవరి 12వ తేదీ భూకంపము ఆ దేశమును కూల్చినప్పుడు జరిగినదానిని లోకము మఱువరాదు. అదే మాసము 29వ తేదీన అమెరికా బాప్టిస్టు యాత్రికులు పదిమంది 33 మంది బిడ్డలను తగిన పత్రములు లేకయే సరిహద్దు దాటించి డొమినికన్ రిపబ్లిక్కునకు గొనిపోవ యత్నించి పట్టువడిరి. విచారింపగా ఆ బిడ్డలలో పెక్కుమందికి తల్లిదండ్రు లున్నారు. చదువును తిండియు దొరకునన్న మాట నమ్మి వారే అప్పగించిరి. దుర్బుద్ధి లేనివారును ఎంతటి యపరాధమునకు లోనగుదురో యీ యుదంతమే చాటుచున్నది.

కాంబోడియాలోను ఇదే కథ. 2005 మొదలు 2010 వఱకు అయిదేండ్లలో అచ్చట శరణాలయముల సంఖ్య నూటికి 75 వంతులు పెరిగినది. ఆ కాలమున ఆ దేశమున యుద్ధము లేదు, క్షామము లేదు. పెరిగినది విదేశీ సందర్శకుల రాక. సదనములలోని బిడ్డలలో నూటికి 77 మందికి తల్లిదండ్రులలో నొక్కరైన నున్నారని 2011లో వెలువడిన పరిశీలన తెలిపినది. దయ యొక బేరముగా మారినపుడు అనాథలు లేనిచోట అనాథలు పుట్టుదురు.

మరి యీ ధర్మము నిలిచిపోయిన ఆ బిడ్డలు పస్తుండరా యని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ధర్మము నిలుపుమని మేము చెప్పుట లేదు. దారి మార్పుమని చెప్పుచున్నాము. శరణాలయపు గోడకు రంగు వేయుటకై పదిమంది పరదేశులు విమానమెక్కి పోనేల? ఆ పని చేయగల కూలీలు ఆ యూరనే పని లేక కూర్చుండలేదా? ఆ విమానపు వెలతో తల్లికి జీవనోపాధి కలిగినచో బిడ్డ యింటనే యుండి బడికి బోవును. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ గూడ బిడ్డలను కుటుంబములనుండి వేఱుచేయక నిలుపుటయే ప్రభుత్వముల ధర్మమని తీర్మానించినది. అమెరికా క్రైస్తవులలోనే యీ మార్గమును బోధించువారు బయలుదేరుట సంతోషకరము.

మెక్సికోకు సేవకై పోనున్న అమెరికా విద్యార్థులతో 1968లో ఇవాన్ ఇల్లిచ్ అను క్యాథలిక్ గురువు, ఉపకారము చేయ రావలదు, నేర్చుకొనుటకు రండని నిష్ఠురముగా జెప్పెను. ఆ మాట చేదైనను ఔషధము. సేవకుడై వచ్చువానికి భాష కావలెను, ఓర్పు కావలెను, అన్నిటికంటె కాలము కావలెను. మన గుంటూరునకు 1883లో వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కూగ్లర్ స్త్రీలకును శిశువులకును వైద్యాలయము నెలకొల్పి, 1930లో గుంటూరనే కన్నుమూసెను. మతవిషయమున ఆమెతో ఏకీభవింపనివారును ఆమె సేవను కాదనలేరు. ఆమె సేవాయాత్రలో కడపటి దినము నలువదియేడేండ్లకు గాని రాలేదు.

పరులకు బోధించుచు మనలను మఱువరాదు. పుట్టినదినమున అనాథ శరణాలయమునకు బోయి, బిడ్డలను వరుసగా నిలిపి, పండ్లు పంచి, పటము తీయించుకొని గంటలో తిరిగివచ్చు ఆచారము మన పట్టణములలోను ప్రబలినది. వారము దినముల యాత్రకును గంటసేపటి యాత్రకును కాలమందే భేదము గాని స్వభావమందు భేదము లేదు. ఈసారి అట్లు పోదలచినవారు ముందుగా నొక్క ప్రశ్న వేయుదురు గాక: ఈ బిడ్డకు తల్లి యున్నదా? ఉన్నచో ఆమె యెచ్చట నున్నది, బిడ్డను తిరిగి యింటికి జేర్చుకొనుటకు ఆమెకు కొఱత యేమి? ఆ కొఱతను తీర్చువానికి పాటలు వినబడవు, పటములు దక్కవు, ఎవరును కౌగిలించుకొని యేడువరు. ఒక బిడ్డ తన యింట, తన తల్లి ప్రక్కన నిద్రించును. అంతకు మించిన కృతజ్ఞతను కోరువాడు సేవకుడు కాడు.