గుండాధుర్ బొమ్మల కథ: ‘నేరస్తుడు’ అన్నది ఎవరు?

బస్తర్ మీద కామిక్ గీయాలనుకునేవాళ్ళకు మొదట కనిపించేది ఆకర్షణీయమైన ఒక ‘నేరస్తుడు’. చేతిలో విల్లు, కళ్ళల్లో నిప్పు, వెనక అడవి. పాఠకుడు మొదటి పేజీలోనే పడిపోతాడు. కానీ అతన్ని నేరస్తుడన్నది ఎవరు? ఆ ప్రశ్న అడగకుండా కుంచె పడితే మనం గీసేది పోలీసు ఫైలే.

గుండాధుర్‌నే తీసుకుందాం. నేతానార్‌కు చెందిన ధుర్వా ఆదివాసీ. 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు నాయకుడు. బ్రిటిష్ సర్కారుకు అతను ముద్దాయి. మరి ఆ తిరుగుబాటు ఊరికే వచ్చిందా? అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేస్తామని 1905లో ప్రతిపాదించారు. పోడు, వేట, అటవీ ఫలసాయం ఆపేస్తామన్నారు. అప్పటికే శిస్తులు, వెట్టిచాకిరీ, కరువులు. మామిడి కొమ్మలు, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణాలు ఊరూరా తిరిగాయి. అదే పిలుపు. ఖర్చులకు ప్రతి ఊరూ తన వంతు ఇచ్చింది.

బజార్లు దోచారు, అధికారుల, వ్యాపారుల ఇళ్ళు, పోలీసు స్టేషన్లు తగలబెట్టారు, ధాన్యం పంచారు. ఇవేవీ దాచొద్దు, గీయండి. చర్చలకు ప్రయత్నించినవాళ్ళ శిబిరాలను సైన్యం చుట్టుముట్టి కాల్చడం, ఊళ్ళ మీదపడి కొరడాలతో కొట్టడం కూడా గీయండి. గుండాధుర్ చివరిదాకా దొరకలేదు. రిజర్వు చేయాలనుకున్న అడవి దాదాపు సగానికి తగ్గింది. ఇది ఒక్కడి గెలుపా?

ఒక్కడినే హీరోను చేస్తే ఏమవుతుందో తెలుగు నేల మీద చూశాం. అల్లూరి విగ్రహాలు ఎన్నో కూడళ్ళలో ఉన్నాయి. ఆయనతో కలిసి పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర ఎంతమందికి తెలుసు? తెల్లదొరలు నేరస్తుడన్న మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళాడు. రాజకీయాల్లో భక్తి, వ్యక్తిపూజ నియంతృత్వానికి దారితీస్తాయని బాబాసాహెబ్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. ఆ మాట కామిక్‌కూ వర్తిస్తుంది.

దారి లేకపోలేదు. 2011లో వచ్చిన ‘భీమాయన’లో పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అంబేడ్కర్ జీవితాన్ని తమ శైలిలోనే గీశారు. చదరపు గళ్ళు వదిలేసి తమ దిగ్నా ముగ్గుల్ని పేజీల్లోకి తెచ్చారు. వాళ్ళు ఎవరి కథకో బొమ్మలేసిన కూలీలు కాదు, కథ చెప్పినవాళ్ళు.

ఇదంతా పాత ముచ్చట కాదు. 2012 జూన్‌లో బీజాపూర్ జిల్లా సర్కెగూడలో భద్రతా బలగాలు 17 మందిని చంపి మావోయిస్టులన్నాయి. అందుకు ఆధారం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ 2019లో తేల్చింది. ముద్ర వేయడానికి ఒక్క రోజు, చెరపడానికి ఏడేళ్ళు.

కాబట్టి గుండాధుర్ కామిక్ రావాలి. ధుర్వా ఊళ్ళ పెద్దల నోటి నుంచి కథ రావాలి, అక్కడి పిల్లల చేతులు బొమ్మలు వేయాలి. మొదటి ప్రతి నేతానార్ బడికి చేరాలి. తన తాత నేరస్తుడు కాదని ఒక పిల్ల తన భాషలో చదువుకోవాలి. మన మెప్పు ఆ తర్వాతే.