మెదడులోని నాళము – గణకయంత్రపు లెక్క

కోనసీమ బాలబాలికలకు కాలువగట్టు క్రొత్త కాదు. గన్నవరము అక్విడక్టు దాటి మా తాటిపాక వైపు వచ్చు గోదావరి నీరు గట్టు బలహీనముగానున్న చోటనే ఒరసికొని సుడి తిరుగును. సకాలమున చక్కజేయనిచో గండి పడును. మెదడులోని ధమనులందును ఇట్టి బలహీనస్థలములు ఏర్పడుటకలదు. గోడ సన్నగిల్లి చిన్న తిత్తివలె ఉబ్బును. దీనినే వైద్యులు ఎన్యూరిజమందురు. పెద్దలలో నూటికి సుమారు 3 గురియందిది ఉండునని అంచనా. చాలమందికి అది జీవితాంతము పగులదు. పగిలినచో మాత్రము ప్రాణాపాయము.

1937లో అమెరికాలో వాల్టర్ డాండీ కపాలము తెరచి తిత్తి మెడకు వెండి క్లిప్పు బిగించెను. నేడు తొడనుండి గాని మణికట్టునుండి గాని సన్నని గొట్టమును పోనిచ్చి, తిత్తిలో ప్లాటినము తీగచుట్టలు నింపుదురు. లేదా దాని మెడకు అడ్డముగా లోహపు వలగొట్టమును అమర్తురు. చిక్కంతయు ఈ వలతోనే. ముడుచుకొని పోయిన వల నాళములో విచ్చుకొనును. విచ్చుకొన్నకొలది పొడవు తగ్గును. పొట్టిదైనచో తిత్తి మెడ పూర్తిగా కప్పబడదు. పొడవైనచో ప్రక్కశాఖల నోళ్లకు అడ్డుపడవచ్చును. పూర్తిగా విడిచినపిమ్మట వెనుకకు తీయుట బహుకష్టము.

ఫ్రాన్సులోని మాంపెలియే నగరపు సిమ్ అండ్ క్యూర్ సంస్థ దీనికొక ఉపాయము కల్పించినది. రోగి నాళముల చిత్రమును గణకయంత్రమున కెక్కించినచో, ఏ కొలత వల ఎట్లు కూర్చుండునో అది ముందుగనే చూపును. మన దర్జీ సైతము కొలత తీయకయే గుడ్డకు కత్తెర పెట్టడు గదా!

తిత్తి ఎప్పుడు పగులునో రక్తప్రవాహపు లెక్కతో చెప్పజూచు ప్రయత్నములును కలవు. వానిని నేనింకను నమ్మజాలను. గోడ మందము సాధారణ చిత్రములలో సరిగా కనబడదు. ప్రవాహవేగమును పలుమారు ఊహించియే వేయుదురు. వల పొడవు చెప్పుట వేరు, ఆయువు చెప్పుట వేరు. మొదటి లెక్క ప్రభుత్వాసుపత్రులకును రావలెను. రెండవదానిని చూపి రోగిని భయపెట్టరాదు.

యంత్రముతో పనిలేనివియు కలవు. రక్తపుపోటును అదుపులో నుంచుట, పొగ మానుట. చుట్ట కాల్చు తాతలకీ మాట రుచింపదు! ఎన్నడు నెరుగని తలనొప్పి పిడుగువలె వచ్చి, వాంతులై, మెడ పట్టి, స్పృహ తప్పినవానికి గాలి సోకినదని విభూతి పెట్టుచు కూర్చుండక వెంటనే 108కి ఫోను చేయవలెను. తాటిపాకనుండి కాకినాడకు గాని రాజమహేంద్రవరమునకు గాని చేరుటకే గంటకు పైగా పట్టును.