తెలుగుని తిరగేసి చెప్పండి

"వరల్డ్ స్పెల్లింగ్ వెనక నుంచి చెప్పండి." మతిమరుపు జబ్బు ఉందేమోనని చూడటానికి చాలా దేశాల్లో వాడే మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్‌లో ఇదొక ప్రశ్న. 1975లో అమెరికాలో తయారైన టెస్ట్ అది. ఇంగ్లీష్ మీడియం వాళ్లం మనం టక్కున చెప్పేస్తాం. బడి మొహం చూడని ఒక పెద్దావిడ చెప్పలేకపోతే లోపం ఆమె మెదడుదా, ప్రశ్నదా?

తెలుగులోకి మార్చేస్తే సరిపోతుంది కదా అంటారు. సరే, "తెలుగు" అన్న మాటనే తిరగేద్దాం. మనమైతే గు, లు, తె అంటాం. పైథాన్‌లో మామూలుగా రివర్స్ చేస్తే ముందు ఒక ఒంటరి కొమ్ము, ఆ పక్కన "గులెత" వస్తాయి. యూనికోడ్‌కి హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు. మనకి "గు" ఒకటే అక్షరం.

ఇంకో టెస్ట్‌లో "ఎఫ్"తో మొదలయ్యే మాటలు ఒక్క నిమిషంలో ఎన్ని వస్తే అన్ని చెప్పాలి. తెలుగులో "ప" ఇస్తే పాలు, పిల్లి, పువ్వు లెక్కలోకి వస్తాయా? అక్షరాలు దిద్దని మనిషికి ఆ ప్రశ్నే అర్థం కాదు. అదే జంతువుల పేర్లు అడిగితే గేదె, మేక, ఉడుత అంటూ మొదలుపెట్టొచ్చు.

ఇలాంటివి తేల్చేది క్లినికల్ న్యూరోసైకాలజిస్ట్. పక్షవాతం, తలకి దెబ్బ, మూర్ఛ, డిమెన్షియా లాంటివి వచ్చాక మనిషి జ్ఞాపకం, ధ్యాస, మాట ఎలా ఉన్నాయో కొలుస్తారు. దెబ్బ ఎక్కడ తగిలిందో స్కాన్ చూపిస్తుంది. ఆ మనిషి రేపు తన మందులు తనే గుర్తుపెట్టుకుని వేసుకోగలడా అన్నది స్కాన్ చెప్పదు. మన దేశంలో ఈ పనిలోకి వచ్చినవాళ్లలో చాలామంది సైకాలజీలో పీజీ తర్వాత క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఫిల్. చేసినవాళ్లే. బెంగళూరు నిమ్హాన్స్ మన దేశపు మనుషుల కోసం 2004లో సొంత టెస్టుల సెట్ కూడా తెచ్చింది.

నా ఉద్దేశంలో ఈ చదువులో పేషెంట్ భాష బాగా తెలిసి ఉండటం కూడా ఒక భాగం కావాలి. "ఎలాగూ అందరూ ఇంగ్లీష్ నేర్చుకుంటున్నారుగా" అనేవాళ్లకి మన హైదరాబాద్‌లోనే జవాబుంది. నిమ్స్‌లో న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఆ జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. వాళ్లని "టెస్ట్‌కి పనికిరారు" అని పక్కన పెట్టి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

రేపు ఈ టెస్టుల్ని యాప్‌లుగా మార్చే పని మనలో ఎవరికైనా రావచ్చు. అప్పుడు ప్రశ్నల్ని ట్రాన్స్‌లేషన్ టూల్‌లో వేసి, వచ్చింది అతికించి సబ్మిట్ కొట్టకండి. ఒక తెలుగు పంతుల్ని, ఒక న్యూరోసైకాలజిస్ట్‌ని, బడికెళ్లని ఒక ముసలమ్మని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ స్కోరు చూసే ఒక మనిషికి "మతి పోయింది" అని ముద్ర వేస్తారు మరి.