ఇంటిమాట: దూప అంటే ఎండ కాదు

గత మాసం ఈ పేజీలో పెండ్లి ఖర్చుల సంగతి ముచ్చటించుకున్నాము. మిగిలినది ఈ మాసం పూర్తి చేయాలనుకున్నాము గాని, నడుమ వొక సంగతి కంటబడింది. అది చెప్పక వూరుకోవడానికి మనసొప్పలేదు. పెండ్లి మాట వచ్చే నెలకు వాయిదా వేస్తున్నందుకు పాఠకులు మన్నించాలి.

మన ముంబయి సభ్యులలో వొక పెద్దాయన వున్నారు. పడుచుతనంలోనే కరీంనగరు దాపున వున్న పల్లె నుంచి వచ్చి, వర్లీ బట్టల మిల్లులో పనిచేసి, 1982 నాటి సమ్మెలో ఆ పని పోగొట్టుకొని, తరువాత చిన్న దుకాణం మీద ముగ్గురు పిల్లలను ప్రయోజకులను చేసినవారు. మరాఠీ, హిందీ ఆయనకు నీళ్ళప్రాయం. నిమోనియా ముదిరి ఆయనను ఐ.సి.యు.లో చేర్చారు. ఆరు రోజులు వెంటిలేటరు మీద వుంచి, ఏడవనాడు గొంతులోని గొట్టం తీశారు.

మేము చూడబోయిన వేళకు ఆయన మెల్లగా, "దూప, దూప" అంటున్నారు. నర్సమ్మ కేరళ పిల్ల. ఇక్కడికి వచ్చాక హిందీ నేర్చుకున్నది. హిందీలో ధూప్ అంటే ఎండ. పాపం, వెంటనే లేచి కిటికీ తెర లాగింది. ఆయన మళ్ళీ "దూప" అన్నారు. రెండవ తెర కూడా లాగింది. ఆయన తల అటూ ఇటూ కొట్టుకుంటూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. రోగికి తెలివి నిలకడగా లేదని ఆమె కాగితం మీద వ్రాసుకున్నది.

దూప అంటే దాహమని తెలంగాణ వారికి చెప్పనక్కరలేదు. తక్కిన వారి కోసం చెబుతున్నాము. ఆ నర్సమ్మను మేము తప్పు పట్టడం లేదు. ఆమె విన్న మాటకు ఆమె చేయవలసిన మేలే చేసింది. ఒంట్లో సత్తువ వున్ననాడు మూడు భాషలు పలికిన నాలుక, జ్వరంలోనూ మత్తులోనూ తల్లి దగ్గర నేర్చిన మాటకే తిరిగిపోయింది. అంతే.

బయట వరండాలో బల్ల మీద ఆయన భార్య, పెద్దకొడుకు కూర్చొని వున్నారు. కొడుకు ఇంజనీరు, ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. ఏడు రోజులుగా డాక్టర్లతో మాట్లాడుతున్నది అతడే. ఆ తల్లిని ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. మేము చూచినది చెప్పేసరికి ఆమె లేచి, చెప్పులు విప్పి, చేతులు కడుగుకొని లోపలికి వెళ్ళింది.

"ఎండ గాదు బిడ్డా, దూప! నీళ్ళు, పానీ!" అన్నది.

నర్సమ్మ నాలుక కరచుకొని, తడి దూదితో ఆయన పెదవులు, నోరు తుడిచింది. గొట్టం తీసిన వెంటనే నీళ్ళు తాగించరాదట. మింగే శక్తి సరిగా వచ్చిందో లేదో చూడకుండా పోస్తే అవి వూపిరితిత్తులలోకి దిగవచ్చు. ఆ తడికే ఆయన ప్రాణం కుదుటపడింది.

ఆ తల్లి అక్కడితో ఆగలేదు. "ఆయినకు చెవుల మిషిను లేకపాయె. మీరడిగేది ఎట్ల ఇనవడ్తది?" అన్నది. కొడుకు ముఖం పాలిపోయింది. చేర్చిన నాడు వుంగరం, గడియారంతో పాటు ఆ మిషను కూడా ఆసుపత్రివారు అతని చేతికిచ్చారు. భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశాడు! గొట్టం వున్నప్పుడే మత్తు తగ్గించి, చెయ్యి ఎత్తుమంటే ఎత్తడం లేదని డాక్టర్లు రెండు రోజులుగా వ్రాస్తూ వచ్చారు. వినబడని మనిషి ఎలా ఎత్తుతాడు? ఆ సాయంత్రం మిషను పెట్టారు. మరునాడు డాక్టరుగారు చెయ్యి ఎత్తమనగానే ఎత్తారు.

ఈ వుదంతంలో మేము నేర్చుకున్నది వొక్కటే. డాక్టర్లకు జబ్బు తెలుస్తుంది. మనిషి ఇంటివారికే తెలుస్తాడు. ఐ.సి.యు.లో రోగికి నోరు వుండదు. వెంటిలేటరు గొట్టం స్వరతంత్రుల నడుమగా పోతుంది గనుక, తెలివి పూర్తిగా వున్నవారు సైతం మాట్లాడలేరు. ఆ నోరు ఇంటివారిది కావాలి. మనవాళ్ళు ఇంగ్లీషు వచ్చినవారిని ముందుకు తోసి, రోగిని ఎరిగినవారిని బల్ల మీద కూర్చోబెడతారు. ఇదే మనం దిద్దుకోవలసిన పొరపాటు.

ఐ.సి.యు. పుట్టుక కథ కూడా ఇక్కడ చెప్పుకోదగినదే. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. వూపిరి ఆడని రోగుల గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచి నొక్కి గాలి పంపే వుపాయం బ్యోర్న్ ఇబ్సెన్ అనే డాక్టరు చేసి చూపారు. యంత్రాలు చాలక, వందలకొలది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగి పక్కన కూర్చొని రాత్రింబవళ్ళు చేతితో నొక్కారు. మరుసటి సంవత్సరం చివర ఆ నగరంలోనే ఇలాంటి రోగులకు ప్రత్యేక విభాగం వెలిసింది. అంటే, మొదట్లో ప్రతి రోగి పక్కనా వొక మనిషి వుండేవాడు. నేడు ఆ పని యంత్రం చేస్తున్నది. ఆ మనిషి కుర్చీ మాత్రం ఖాళీ అయింది.

ఇక ఇంటివారు ఏమి చేయవచ్చునో చూద్దాము.

డాక్టరుతో మాట్లాడడానికి వొక్కరినే నిర్ణయించుకోండి. అయిదుగురు అయిదు సార్లు అడిగితే అయిదు జవాబులు వస్తాయి. వాటితో ఇంట్లో తగవులు వస్తాయి. కాని ఆ వొక్కరి పక్కన, రోగికి రోజూ అన్నం పెట్టినవారు తప్పక వుండాలి. వేసుకునే మాత్రలన్నీ, నాటువైద్యుడిచ్చిన పొడితో సహా, చీటీ మీద వ్రాసి మొదటిరోజే ఇవ్వాలి. మూర్ఛ మాత్రల వంటివి హఠాత్తుగా ఆగిపోతే ప్రమాదం. ఏ మందు పడదో, బీడీగాని సారాగాని అలవాటున్నదో దాచకుండా చెప్పాలి. సారా మాట చెప్పడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు. అది హఠాత్తుగా మానినప్పుడు వచ్చే వణుకు, భ్రమ డాక్టరుకు ముందుగా తెలియాలి గదా!

వొక నోటుపుస్తకం పెట్టండి. రోజూ డాక్టరును నాలుగే ప్రశ్నలు అడిగి జవాబు వ్రాసుకోండి. ఈనాడు ముఖ్యమైన చిక్కు ఏది? నిన్నటికంటె మెరుగా, తక్కువా? ఈ గొట్టాలలో ఏవి ఇంకా అవసరం, ఏవి తీయవచ్చు? ఈ వైద్యం పనిచేయడం లేదని ఎలా తెలుస్తుంది? అర్థం కాకపోతే, "నాకు అర్థమైనది చెబుతాను, సరియేనా చూడండి" అనండి. అరిస్తే వినేవారు తగ్గుతారు. వ్రాసుకునేవారి ఎదుట అందరూ వొక మాట ఎక్కువే చెబుతారు.

కళ్ళద్దాలు, చెవి మిషను బీరువాలో కాదు, రోగి దగ్గర వుండాలి. ఐ.సి.యు.లో చాలామందికి మనసు తికమకపడుతుంది. డాక్టర్లు డెలిరియం అంటారు. మన పెద్దలు సంధి ప్రేలాపన అనేవారు. పగలు వెలుతురు, రాత్రి చీకటి, కంటికి కనబడే గడియారం, తెలిసిన గొంతు దీనికి మేలు చేస్తాయి. లోపలికి వెళ్ళినప్పుడు ఏడవకుండా, మీరెవరో, ఏ వారమో, ఎక్కడ వున్నారో తెలుగులో చెప్పండి. వింటున్నారో లేదోనని సందేహించవద్దు.

ముఖ్యంగా మన వంటి ప్రవాసులకు మరొకటి. దూప, నొప్పి, చలి, మూత్రం, భయం వంటి పది మాటలు మీ ఇంటి యాసలోనే, అక్కడి నర్సులు చదివే లిపిలో, పక్కన అర్థంతో వ్రాసి మంచానికి కట్టండి. ముంబయిలో నాగరి లిపి, బెంగుళూరులో కన్నడం, మద్రాసులో తమిళం. ఖర్చు వొక అట్టముక్క.

చేతులు కడగకుండా రోగిని ముట్టవద్దు. తీర్థం, తులసినీళ్ళు అడగకుండా నోట్లో పోయవద్దు. నుదుట అద్దితే దేవుడు కాదనడు. కదలలేని రోగిని గంటల తరబడి వొకే పక్కన పడుకోబెడితే వీపు పుండ్లు పడుతుంది. ఎప్పుడు వొత్తిగిలించారని మర్యాదగా అడగడం మీ హక్కు.

హక్కు అన్నాము గనుక, నాలుగు మాటలు. 2017లో అమెరికాలోని తీవ్రచికిత్సా వైద్యుల సంఘం, ఇంటివారిని వీలైనంత స్వేచ్ఛగా రోగి దగ్గర వుండనివ్వాలని సూచించింది. ఎక్కువసేపు వుండనివ్వమని అడగడం గొంతెమ్మ కోరిక కాదన్నమాట. మన దేశంలో 2002 నాటి వైద్యవృత్తి నియమాల ప్రకారం, రోగిగాని అధికారం పొందిన మనిషిగాని అడిగితే వైద్య పత్రాలు 72 గంటలలో ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పట్టికను కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. జబ్బు వివరం, బిల్లు వివరం, మరొక డాక్టరు సలహా తీసుకోవడం అందులో వున్నవే. మరొక డాక్టరును అడిగితే వీరికి కోపం వస్తుందేమోనని జంకనక్కరలేదు.

చివరిగా, నోట రాని మాట వొకటున్నది. అందరూ ఇంటికి రారు. అలాంటి వేళ డాక్టరు, "మీరేమంటారు?" అని అడుగుతారు. అప్పుడు మనకేమి కావాలని కాదు, మాట్లాడగలిగితే ఆయన ఏమనేవారని ఆలోచించాలి. ఆ మాట ముందే అడిగి వుంచుకున్నవారు ధన్యులు. యంత్రాల మీద బ్రతుకు ఎంతవరకు సాగించాలో తెలివిలో వున్నప్పుడే వ్రాసిపెట్టుకోవచ్చునని 2018లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. 2023 జనవరిలో పద్ధతి సులభం చేసింది: ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గజిటెడ్ అధికారి ధృవీకరణ చాలును. అశుభమని తప్పించుకోకండి. పెద్దవాళ్ళే ఈ మాట ఎత్తితే పిల్లల నెత్తిన బరువు తగ్గుతుంది.

మన పెద్దాయన ఇరవై మూడవనాడు ఇంటికి వచ్చారు. నెల దాటినా మెట్లు ఎక్కలేకున్నారు. రాత్రి వులిక్కిపడి లేస్తున్నారు. ఐ.సి.యు. నుంచి వచ్చినవారికి ఇలాంటి నీరసం, బెదురు కొన్ని నెలలు వుండవచ్చునని తెలిస్తే ఇంటివారు విసుక్కోరు. మొన్న వెళ్ళినప్పుడు ఆయన తలగడ కింద ఆ చెవి మిషను డబ్బీ కనబడింది. బీరువా తాళంచెవి ఇప్పుడు ఆ తల్లి కొంగున వున్నది.

పాఠక సోదరీ సోదరులకు వొక మనవి. మీ ఇంటి యాసలో దాహానికి, నొప్పికి, చలికి ఏమంటారో కార్డు మీద వ్రాసి పంపండి. సోలాపూరు వారు, బరంపురం వారు, యానాం వారు, హోసూరు వారు, అందరూ వ్రాయాలి. అన్నీ చేర్చి, కత్తిరించి మంచానికి కట్టుకొనేట్లు ఈ పేజీలోనే అచ్చు వేస్తాము. అది మీకు ఎన్నడూ అవసరం కాకూడదనే మా కోరిక.