ఒక్క లెన్సు చాలు, కానీ 300 దాకా అక్కర్లేదు

ఆఫీసులో ఎవరు కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొన్నా మూడో నెలలో అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఈ కిట్ లెన్సు పక్కన పడేసి అన్నింటికీ పనికొచ్చే జూమ్ ఒకటి కొనేస్తే పోలా? 18-300 ఉందంట కదా, ఇంక మార్చే పనే ఉండదు." ఇందులో సగం నిజం. ఒక్క లెన్సు చాలన్నంత వరకూ నేనూ ఒప్పుకుంటాను. అది 300 దాకా సాగాలన్న దగ్గరే నాకు పేచీ.

ముందు ఒప్పుకున్న సగం గురించి. ఫోటోగ్రఫీ బాగా తెలిసినవాళ్ళ దగ్గర ఈ రకం లెన్సు పేరెత్తితే ముక్కు చిట్లిస్తారు. అన్నీ చేసేది ఏదీ సరిగ్గా చెయ్యదని వాళ్ళ వాదన. అది డీఎస్‌ఎల్‌ఆర్ రోజుల నాటి మాట. అప్పట్లో వ్యూఫైండర్లో లెన్సు చూపించిందే మన కంటికి కనపడేది కాబట్టి, గాజు చేసిన వంకరని చాలావరకు గాజే దిద్దుకోవాల్సి వచ్చేది. మిర్రర్‌లెస్‌లో మనం చూసేది సెన్సరు పంపిన బొమ్మని, అది అప్పటికే సాఫ్ట్‌వేర్ సరిచేసిన బొమ్మ. కెనాన్ 2019లో తెచ్చిన ఆర్‌ఎఫ్ 24-240 చూడండి. 24 దగ్గర తీసిన రా ఫైలుని ఏ దిద్దుబాటూ లేకుండా తెరిస్తే మూలలు నల్లగా కనిపిస్తాయి. హార్డ్‌వేర్ వాళ్ళ బగ్గు మళ్ళీ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ నెత్తికే చుట్టుకుందన్నమాట :) కానీ ఫలితం బావుంది. లెన్సు చిన్నదైంది, ఫోటో చూసేవాళ్ళకి తేడా తెలీదు.

ఇంకో సంగతి, దుమ్ము. మిర్రర్‌లెస్‌లో లెన్సు పీకగానే చాలా మోడళ్ళలో సెన్సరు నేరుగా బయటికి కనపడుతుంది, ముందు అద్దం అడ్డు ఉండదు. గండికోట అంచున ఆ గాలిలో నిలబడి లెన్సు మార్చేవాళ్ళని చూస్తే నాకు గుండె గుభేలుమంటుంది.

అసలు కారణం మాత్రం ఫోను. జేబులో ఉన్న ఫోను వైడ్ ఫోటోలు శుభ్రంగా తీస్తోంది. మరి కెమెరా మెళ్ళో వేసుకు తిరగడం ఎందుకు? ఫోను దగ్గరికెళ్ళి తీయాల్సినవి దూరం నుంచి తీయడానికి. మా అమ్మనే తీసుకోండి, ఫోను ఎదురుగా పెడితే పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోతుంది. కొంగు సర్దుకుంటుంది, నవ్వు మాయం. వసారా ఈ చివర నుంచి 100 మి.మీ. దగ్గర పెట్టి తీస్తే ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ పక్కింటి పిన్నితో కబుర్లాడుతూ ఉంటుంది. పదేళ్ళ తర్వాత నాక్కావలసింది ఆ ఫోటో. సంవత్సరానికి రెండు వారాలు సెలవు పెట్టి ఊరెళ్ళేవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. సంచిలోంచి ఇంకో లెన్సు తీసి బిగించేలోపు ఆ కబుర్లు అయిపోతాయి.

ఇప్పుడు పేచీ సంగతికొద్దాం. మనవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది ఏపీఎస్-సీ సెన్సరు కెమెరానే కాబట్టి సోనీ ఏ6400 ఉదాహరణగా తీసుకుంటాను. దీనికి ఎదురుగా రెండు దార్లున్నాయి. 2018లో వచ్చిన సోనీ 18-135, బరువు 325 గ్రాములు. 2021లో వచ్చిన టామ్రాన్ 18-300, బరువు 620 గ్రాములు. బాడీ 403 గ్రాములు. అంటే ఒకటి మొత్తం 728 గ్రాములు, రెండోది కిలో దాటుతుంది. ఎందుకంత తేడా అంటే భౌతికశాస్త్రం. 300ని ఎఫ్ 6.3తో భాగిస్తే కాంతి వచ్చే దారి దాదాపు 48 మి.మీ. వెడల్పుండాలి. 135ని 5.6తో భాగిస్తే 24 చాలు. రెట్టింపు వెడల్పు గాజుకి బరువూ డబ్బూ రెండూ కట్టాలి.

సరే, ఆ బరువు మోసినందుకు ఏమొస్తుంది? 135 దగ్గర తీసిన 24 మెగాపిక్సెల్ ఫోటోని 300తో తీసినట్టు కనపడేలా కత్తిరిస్తే దాదాపు 5 మెగాపిక్సెల్ మిగులుతుంది. ఫుల్ హెచ్‌డీ తెరకి కావలసింది 2 మెగాపిక్సెలే. ఇంట్లో వాట్సాప్ గ్రూపు గురించి చెప్పక్కర్లేదు. అంటే అప్పుడప్పుడూ అవసరమయ్యే 300 మీ దగ్గర ఇప్పటికే ఉంది, కాస్త నాణ్యత తక్కువతో. దానికోసం రోజూ 295 గ్రాములు ఎక్కువ మొయ్యాలా అన్నదే ప్రశ్న. నా జవాబు, వద్దు. వారం తర్వాత ఆ కిలో బరువు బీరువాలోకి వెళ్తుంది, మళ్ళీ అన్నీ ఫోనుతోనే.

నా మాట నమ్మక్కర్లేదు, మీ డేటా మీరే చూసుకోండి. ప్రతి ఫోటో ఫైల్లోనూ ఎగ్జిఫ్ సమాచారంలో ఫోకల్ లెంగ్త్ రాసి ఉంటుంది. పది లైన్ల పైథాన్‌తో హిస్టోగ్రామ్ గీసెయ్యొచ్చు. ఒక్క జాగ్రత్త. 16-50 కిట్ లెన్సు వాడేవాళ్ళకి 50 దగ్గర పెద్ద గుట్ట కనపడుతుంది. అది మీకు 50 ఇష్టమని కాదు, అక్కడ గోడ తగిలిందని. ఆ గుట్టలో ఫోటోల్ని మీరు ఎంత కత్తిరించి వాడుకున్నారో చూస్తే అసలు ఎంత దూరం కావాలో తేలిపోతుంది.

పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళ లెక్క వేరు. నేలపట్టులో గూడబాతులకీ, పులికాట్‌లో రాజహంసలకీ 135 ఏ మూలకీ రాదు. నిజానికి 300 కూడా చాలదు. వాళ్ళకి సోనీ 70-350 ఉంది, 625 గ్రాములు, దాదాపు ఆ టామ్రాన్ బరువే. ఏమాటకామాట, టామ్రాన్‌కి ఒక సుగుణం ఉంది. 18 దగ్గర పెట్టి 15 సెంటీమీటర్ల దూరం నుంచి తీయొచ్చు, పూలూ పురుగులూ తీసేవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

పెళ్ళిళ్ళ దగ్గర మాత్రం ఈ జాతి మొత్తానికీ పరీక్షే. అర్ధరాత్రి ముహూర్తం, ఫంక్షన్ హాల్లో రంగురంగుల లైట్లు, ఎఫ్ 5.6. వీఆర్, ఓఎస్ఎస్ లాంటివి మీ చెయ్యి వణుకు ఆపుతాయి కానీ జీలకర్ర బెల్లం పెట్టే చేతుల్ని ఆపవు. బరువులో మిగిలిన ఆ 295 గ్రాముల్లో 35 మి.మీ. ఎఫ్ 1.8 లాంటి చిన్న ప్రైమ్ ఒకటి ఇమిడిపోతుంది. అదే 35 దగ్గర జూమ్ ఎఫ్ 4 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి సుమారు అయిదు రెట్లు కాంతి. హాల్లోకి వెళ్ళేముందు ఒక్కసారి మార్చుకుంటే చాలు. నా దృష్టిలో ఒక్క లెన్సు అంటే ఇదే, ఒకటింబావు లెన్సు.

వేరే కంపెనీల కెమెరాలున్నవాళ్ళకీ ఇదే లెక్క. నికాన్‌లో 18-140, కెనాన్‌లో 18-150, రెండూ 300 గ్రాముల పైచిలుకే. ఫుల్ ఫ్రేమ్ అయితే నికాన్ 24-200 హాయిగా 570 గ్రాములు. సోనీ ఫుల్ ఫ్రేమ్ వాళ్ళు ఇష్టపడే టామ్రాన్ 28-200 మంచి లెన్సే కానీ దాన్ని ఏ6400కి తగిలించాలని చూడకండి. అందులో స్టెబిలైజర్ లేదు, ఆ బాడీలోనూ లేదు. పైగా 28 కాస్తా 42 అయి కూర్చుంటుంది, ఇంట్లో నలుగురిని ఒక ఫ్రేములో పట్టలేరు.

కొన్నాక మొదటి రోజే ఒక పని చెయ్యండి. ఎదురుగా ఉన్న అపార్టుమెంటు గోడని ట్రైపాడ్ మీద నుంచి 18, 50, 135 దగ్గర తలా ఒకటి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఒక్క మూల మాత్రమే మసకగా ఉంటే లోపల గాజు పక్కకి జరిగిందని అనుమానం, వాపసు గడువు దాటకముందే తిరిగిచ్చెయ్యండి. నాలుగు మూలలూ సమానంగా కాస్త మెత్తగా ఉంటే అది ఈ జాతి లక్షణం, ఇంకోటి తెచ్చుకున్నా అలాగే ఉంటుంది.