ప్రసూతి వార్డు దాటకముందే పరీక్ష

సికిల్ సెల్ వ్యాధితో పుట్టిన బిడ్డ మొదట్లో ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ కొన్ని నెలలు కాపు కాస్తుంది. అది తగ్గేకొద్దీ చేతులు, పాదాలు వాస్తాయి, ప్లీహం దెబ్బతింటుంది, నిమోనియా ప్రాణాల మీదికి తెస్తుంది. పరీక్షే జరగని గూడెంలో ఆ చావు 'జ్వరమొచ్చి పోయింది' అన్న మాటతో సరి.

కేంద్రం 2023 జులై 1న షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 2047 గడువు, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు. మంచిదే. కానీ శిబిరాల్లో చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఆరు నెలల లోపు పసికందులకు పనికిరాదు. ఎవరిని ముందుగా గుర్తించాలో వారే జారిపోతారు. వారికి హెచ్‌పీఎల్‌సీ పరీక్ష కావాలి. మడమ గుచ్చి కొన్ని చుక్కలు ప్రత్యేక కాగితంపై ఆరబెట్టి, కవరులో పెట్టి పంపవచ్చు. 2017లో కేసీఆర్ కిట్‌లో సబ్బు, దోమతెర పెట్టి ఇచ్చిన తెలంగాణ రాష్ట్రానికి ఈ కాగితం ముక్క బరువా?

పసికందులకు ఇలాంటి పరీక్షలు చేసిన అనుభవం మనకు లేనిదీ కాదు. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులకు పరీక్షలు చేసి, ఇంచుమించు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉందని 2004లోనే ప్రచురించారు. రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ బుద్ధిమాంద్యం బారిన పడదు. గోవా 2008లోనే ఇలాంటి పరీక్షలు మొదలుపెట్టింది. మన దగ్గర అధ్యయనం కాగితాల్లో మిగిలింది.

భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో పుట్టే ప్రతి బిడ్డకూ డిశ్చార్జికి ముందే సికిల్ సెల్, థైరాయిడ్, జీ6పీడీ పరీక్షలు తప్పనిసరి చేయాలి. మూడోది ఎందుకంటే ఇది మలేరియా ఏజెన్సీ. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి తెలియక ప్రైమాక్విన్ ఇస్తే ఎర్రకణాలు చితికిపోతాయి.

పరీక్ష చేసి ఊరుకుంటే మాత్రం వృథా. సికిల్ సెల్ బిడ్డకు రెండు మూడు నెలల వయసు నుంచి ఐదేళ్ల దాకా రోజుకు రెండుసార్లు పెన్సిలిన్ పడాలి. 1986లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో ఈ చవక మందు తీవ్రమైన న్యూమోకోకస్ ఇన్ఫెక్షన్లను 84 శాతం తగ్గించింది. అదీ ఆశా కార్యకర్త ఇంటికి చేరి, కోయ మాటలో తల్లికి చెబితేనే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అనీ, వాహకులు రోగులు కారనీ అప్పుడే చెప్పాలి. లేకుంటే పరీక్ష ఫలితం రాసిన కార్డు పెళ్లి సంబంధాలు చెడగొట్టే కాగితమవుతుంది.

ఇక సరిహద్దు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం మండలాల నుంచీ, ఛత్తీస్‌గఢ్ సుక్మా జిల్లాలోని కుంట నుంచీ భద్రాచలం ఆసుపత్రికి వచ్చేవారున్నారు. ఆధార్ చిరునామా చూసి చుక్క రక్తం తీయడం కుదరదు. భద్రాచలం, చింతూరు ఐటీడీఏలు, సుక్మా జిల్లా యంత్రాంగం ఒకే రిజిస్టర్ నడపాలి. పరీక్షల బాధ్యత కొత్తగూడెం ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించి, పది రోజుల్లో ఫలితం పీహెచ్‌సీకి చేరేలా వైద్య ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. అందులో పెన్సిలిన్ సరఫరా ఎవరిదో పేరు పెట్టి రాయాలి.