పదవ అంకె

క్రిందటి నెలలో ఒక అర్ధరాత్రి మన సంఘ సభ్యులొకరి కోడలికి ప్రసవమైన పిదప రక్తం కావలసివచ్చింది. మేము సంఘంవారి రక్తదాతల పట్టిక కంప్యూటరులో తెరిచాము. ఆ గ్రూపువారు ముగ్గురున్నారు. మొదటివారి ఫోను నంబరులో తొమ్మిదే అంకెలు! రెండవవారి గడి ఖాళీ. మూడవవారు పలికారు, వచ్చారు. తల్లీ బిడ్డా క్షేమం. కాని ఆ మూడవ నంబరూ అట్లే ఉంటే ఏమయ్యేదని తలచుకుంటే మాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మర్నాడు ఆ పట్టిక తయారుచేసిన కుర్రవాణ్ణి పిలిపించాము. "ఫోను నంబరు లేనిదే పేరు చేరకూడదని గట్టిగా వ్రాశానండీ, బాబాయిగారూ!" అన్నాడు. అబద్ధం కాదు. వ్రాశాడు, చాలలేదు.

పట్టిక గ్రాఫ్‌క్యూఎల్ పద్ధతిలో నడుస్తుంది. 2012లో ఫేస్‌బుక్‌లో పుట్టి, 2015లో అందరికీ అందిన పద్ధతి ఇది. ఇందులో ప్రతి గడికీ జాతి చెప్పాలి: పూర్ణాంకమా, అక్షరాల వరుసా అని. ప్రక్కన ఆశ్చర్యార్థకం పెడితే ఆ గడి విడువరాదని అర్థం. మనవాడు మొదట పూర్ణాంకమన్నాడట. అది 2,147,483,647 దాటితే ఒప్పుకోదు. మన సెల్ నంబర్లు 6 మొదలు 9 వరకు గల అంకెతో ప్రారంభమవుతాయి గనుక ఒక్కటీ పట్టలేదు. అందుచేత అక్షరాల వరుస, అంటే స్ట్రింగ్, అని మార్చి, ఆశ్చర్యార్థకం తగిలించి, పని అయిందనుకున్నాడు.

ఇల్లలకగానే పండుగా? ఏమీ పంపకపోతే గ్రాఫ్‌క్యూఎల్ ఆపుతుంది; ఖాళీ స్ట్రింగ్ పంపితే ఆపదు. బస్తా మీద బియ్యమని వ్రాసి ఉందా అని చూస్తుందే గాని, లోపల రాళ్లున్నవా అని చూడదు. చేటపట్టి చెరగడం మన పని.

అతడు వాడిన నెస్ట్‌జెఎస్‌లో ఆ చేట పేరు వాలిడేషన్ పైప్. వచ్చే వివరాలకొక క్లాసు వ్రాసి, గడి గడికీ నియమం తగిలిస్తే, తప్పినవి రిజాల్వర్ గుమ్మం తొక్కకుండానే వెనక్కు పోతాయి. మూడుచోట్ల జాగ్రత్త కావాలి. విడిగా ఒక్క స్ట్రింగునే తీసుకుంటే ఈ పైప్ దానిని తనిఖీ చేయదు, క్లాసులో పెట్టాలి. క్లాసులో మరొక క్లాసుంటే, లోపలిదానినీ చూడమని వేరుగా చెప్పాలి. "ఖాళీ కారాదు" అనే నియమం నాలుగు స్పేసులు కొట్టినా తృప్తిపడుతుంది. కనుక పది అంకెలూ ఉండాలనే నియమమే పెట్టాలి. ఫారం పేజీలో తనిఖీ ఉన్నది గదా అని ఊరుకోరాదు. ఆ పేజీతో పని లేకుండా నేరుగా పంపేవారూ ఉంటారు.

తిప్పి పంపేటప్పుడు "తప్పు" అని ఊరుకోక, "నంబరులో ఒక అంకె తగ్గింది" అని తెలుగులో చెప్పమన్నాము. మన పెద్దలకు అదే మర్యాద. అబ్బాయి ఆ రాత్రే అన్నీ సరిచేశాడు.

అయితే కొత్త చేట పాత బియ్యాన్ని చెరగదు. పది అంకెలూ ఉన్న నంబరు మీదో, మరొకరిదో అదీ చెప్పలేదు. కాబట్టి, పాఠకులారా, ఈ పుట మూసేలోగా పట్టికలో మీ నంబరు ఒక్కసారి సరిచూడండి. అర్ధరాత్రి ఎవరింట దాని అవసరం పడుతుందో ఎవరెరుగుదురు?